బర్రె తాగిన కణద్రవ్యం

ఈ రోజు పొద్దున నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. వంటింటి గట్టు మీద గాజు గిన్నెలో చిక్కటి గంజి కనిపిస్తే, పారబోయడమెందుకని తీసుకెళ్లి పక్కింటి బర్రె కుడితి తొట్టిలో పోశాను. గంజి కనిపిస్తే మన వయసువాళ్ల చేతులు కుడితి వైపే పోతాయి కదా! బర్రె తొట్టిని నాకుతుండగా, బడికి తయారై వచ్చింది మనుమరాలు.

“ఏం పని చేసినవ్ తాతా! గది గంజి కాదు, నా కణద్రవ్యం! బడిల ప్రదర్శనకు పెట్టుకున్న!”

గంజి అడుగున మునిగి నా కంటపడని నల్లద్రాక్ష కేంద్రకమట, నానిన చిక్కుడు గింజలు మైటోకాండ్రియా అట. కణం మొత్తం బర్రె కడుపులోకి పోయింది.

“ఇన్నేండ్లు సైన్సు చెప్పిన సారు గిట్ల చేసిండు. ఇగ బర్రెనే బడికి తోలుకపో బిడ్డా,” అంది మా ఆవిడ.

నవ్వొచ్చింది కానీ, పిల్ల కళ్లలో నీళ్లు చూసి సిగ్గేసింది. కణంలో కేంద్రకం చుట్టూ ఉండే ద్రవ్యం గంజిలాంటిదన్న పోలిక దానికి చెప్పింది నేనే మరి.

సిరిసిల్లలో మా నాన్న మగ్గం నేసేవాడు. వీధి పొడవునా పడుగు పోగులు పరిచి, అమ్మా ఆయనా చెరోవైపు నిలబడి కుంచెలతో గంజి పట్టించేవారు. గంజి తాగని పోగు మగ్గం మీద నిలవదు. తర్వాత జగిత్యాల బడిలో కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో, పిల్లలు కణం బొమ్మ గీసి, కేంద్రకానికి రంగులేసి మిగతాదంతా ఖాళీగా వదిలేస్తుంటే నాకు ఆ గంజే గుర్తొచ్చేది. అది ఖాళీ జాగా కాదని, తిండి విరిగి శక్తిగా మారడం మొదలయ్యేదీ, మాంసకృత్తులు తయారయ్యేదీ ఆ ద్రవ్యంలోనేనని చెప్పేవాణ్ణి. నమ్మనివాళ్లకు చెరువులోని నీటిమొక్క ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపేవాణ్ణి. పచ్చని రేణువులు బతుకమ్మ ఆడినట్టు గుండ్రంగా తిరుగుతుంటే, వాటిని మోసుకుపోయే ఆ ద్రవ్యాన్ని చూసి పిల్లలు కేరింతలు కొట్టేవారు.

ఇప్పుడు కోరుట్లలో మా ఇంట్లో కుక్కరు అన్నమే. గంజి వంచడమన్నదే మరిచిపోయాం; పొద్దుటి గంజి కూడా పిల్ల పక్కింటి నుంచి తెచ్చుకున్నదేనట. అటక మీది గిన్నె దింపి, నేనే అన్నం వండి, చేయి కాల్చుకుని గంజి వంచాను. “ఇంకింత చిక్కగుండాలె” అని మనుమరాలు హుకుం వేస్తే బియ్యప్పిండి కలిపాను. అది గాజు గిన్నెలో పోసుకుని, మళ్లీ ఓ నల్లద్రాక్ష, చిక్కుడు గింజలు వేసుకుంది.

ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకుని మనుమరాలి వెంట బడికి నడిచాను. అక్కడి సారు వచ్చి, ఈ కణంలో పనంతా ఎక్కడ జరుగుతుందని మనుమరాలిని అడిగారు. జవాబు నా నాలుక మీదికొచ్చింది. పళ్ల బిగువున ఆపుకున్నాను.

మనుమరాలు ద్రాక్షను చూపలేదు. గంజిలో వేలు ముంచి, మెల్లగా తిప్పింది.