మొదటి వరుసలో మూర మల్లెలు

థర్మకోల్ పెట్టె మూత తీయగానే ముందు ముక్కుకు తగిలేది మల్లెల వాసన కాదు, తడిసిన తమిళ పేపరు వాసన. చెన్నై నుంచి పొద్దుటి విమానంలో వచ్చే పూలు ఆ తడి పేపర్లలోనే ఒదిగి వస్తాయి. పోర్ట్‌బ్లెయిర్‌లోని మా పూల దుకాణంలో ఇన్నేళ్ళుగా పెట్టెలు విప్పుతున్నా, ఆ వాసన తగిలినప్పుడల్లా అప్పలస్వామి బాబాయిగారు గుర్తొస్తారు. ఆయనతోపాటే చిరాకూ వస్తుంది. ఆ మనిషి దగ్గర పని నేర్చుకున్న వాళ్ళెవరికైనా అంతే.

బాబాయిగారు ప్రభుత్వ స్టోర్సులో కీపరుగా రిటైరై ఈ దుకాణం పెట్టారు. స్టోర్సును వదిలారు గానీ ఆ బుద్ధిని వదల్లేదు. ఇరవయ్యేళ్ళ వయసులో, ఊళ్ళోనే ఉన్న డిగ్నాబాద్ పేట నుంచి నేను పనికి వచ్చిన మొదటి రోజే, నా చెయ్యి పొట్టిదని, తన మూరకు సరిపడా ఒక కర్ర కోసి ఇచ్చారు. రోజూ మధ్యాహ్నం రేపటి కోసం రెండు కాగితాలు రాయించేవారు. ఒకటి విమానం వస్తే, రెండోది రాకపోతే. నేను చదివింది హిందీ మీడియం. ఒత్తు తప్పితే చాలు, కాగితం చింపి మళ్ళీ రాయమనేవారు.

"రోజూ వస్తోంది కదా బాబాయ్, ఈ రెండోది దేనికి?" అన్నాను ఒకసారి విసుగ్గా.

"వచ్చినరోజు ఎవడైనా అమ్ముతాడు. రానిరోజుకే ప్లాను కావాల. బస్, రాయి."

ఆ రెండో కాగితంలో ఏ ఇంటి పెరట్లో ఏ పువ్వు ఉందో, ఎవరు కోసిస్తారో, అవి ఏ వరుసలో పంచాలో ఉండేది. అందుకోసం వారానికోసారి ఎండలో డిగ్నాబాద్ మెట్లెక్కి, మిన్నీ బే దాకా నడిచి, గడప గడపకూ వెళ్ళి మొగ్గలు చూసి రావాలి. నా చెప్పులు అరిగింది ఈ పని మీదే.

మిన్నీ బేలోనే పార్వతక్క ఉండేది. వాళ్ళాయన ఎలక్ట్రీషియను. పని మీద నికోబార్ వెళ్తూ, ఓడ ఎక్కేముందు దుకాణానికి వచ్చి, "నేను వచ్చీదాకా రోజూ మా ఇంటికి ఒక మూర పంపండి బాబాయ్, ఆపొద్దు" అని చెప్పి వెళ్ళాడు. ఆర్డరు పుస్తకంలో రాసింది నేనే. ఆ డిసెంబరులోనే, ఒక ఆదివారం పొద్దున, సముద్రం సునామీగా లేచి దీవుల మీద పడింది.

తర్వాత కొన్ని వారాలు విమానాల్లో మందులూ దుప్పట్లూ తప్ప పువ్వన్నది రాలేదు. మళ్ళీ రావడం మొదలయ్యాక అడిగినవన్నీ ఫోటోలకు వేసే దండలే. ఫలానా వాళ్ళిక లేరని ఆ ఇంట్లో ఒప్పుకున్న రోజున దండ చెప్పేవారు. అందువల్ల ఆ కబురు ఊరికంటే ముందు మాకు తెలిసేది. పార్వతక్క భర్త పేరు మాత్రం బతికి బయటపడ్డ వాళ్ళలోనూ లేదు, దొరికిన శవాల్లోనూ లేదు. ఆమె రోజూ తలలో పూలు పెట్టుకుని సహాయ క్యాంపుల చుట్టూ తిరిగేది. చూసిన వాళ్ళు చెవులు కొరుక్కునేవారు.

బాబాయిగారు ఆమె మూరను రెండో కాగితంలో మొదటి వరుసకు ఎక్కించారు. గుడి కూడా దాని తర్వాతే. ఊళ్ళో జనం అన్నం పొట్లాలకు లైను కడుతుంటే, నేను వాళ్ళ మధ్యనుంచే మొగ్గలు కోసుకుంటూ తిరిగాను. మల్లెలు లేకపోతే నందివర్ధనం మొగ్గలతో కట్టించేవారు. సిగ్గుతో తల తీసేసినట్టు ఉండేది. ముసలాయనకు మతి పోయిందని మా అమ్మతో అన్నాను కూడా.

ఆ తర్వాతి వానాకాలం బాబాయిగారు జ్వరంతో ఇంట్లో పడుకున్నారు. నాలుగు రోజులుగా ముసురు. ఎయిర్‌పోర్టు కార్గోకి ఫోన్ చేస్తే, "ఫ్లైట్ క్యాన్సల్ దీదీ, మాల్ నహీ ఆయా" అన్నారు. ఆరోజే ఒక పెళ్ళికి పూలజడ ఇవ్వాలి. చాతం రేవులో ఫెర్రీ పట్టుకుని అవతలి ఒడ్డున ఉన్న బంబూఫ్లాట్ చేరాలి. పెరళ్ళన్నీ గాలించి తెచ్చిన మల్లెలు జడకు మూరెడు తక్కువయ్యాయి. ఒక్కరోజే కదా అనుకుని పార్వతక్క మూర కూడా జడలో కట్టేశాను. ఫెర్రీ అందింది. నేనూ ఒక దుకాణం నడపగలనని గర్వపడ్డాను.

పన్నెండు కాకముందే పార్వతక్క వచ్చింది. గొడుగు లేదు. చీర కుచ్చిళ్ళు బురదలో తడిసిపోయాయి. గుమ్మం దాటకుండానే అడిగింది.

"దండ ఎవరు సెప్పారు సెల్లీ? మా మరిదేనా?"

నాకు అర్థం కాలేదు. "ఏ దండక్కా?"

"ఆయన ఫోటోకి. ఎక్కడ దొరికాడంట? నాకెందుకు సెప్పలేదు?"

"అయ్యో, అలాంటిదేం లేదక్కా. ఫ్లైట్ రాలేదు, అందుకే పూలు పంపలేదు."

"ఫ్లైట్ రాకపోయినా వచ్చేవి కదా," అంది. మెట్టు మీద కూర్చుండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే నిజంగానే ఏదో కబురు దాస్తున్నాననుకుంటుందని బిగబట్టుకున్నాను.

జ్వరం తగ్గి వచ్చిన బాబాయిగారు అంతా విని, కేకలు వేయలేదు. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

"ఆ మూర ఎందుకంత ముఖ్యమో మీరు చెప్పాలి కదా," అని నేనే అరిచాను.

"సెప్తే జాలిపడి ఇస్తావు. జాలితో ఇచ్చేది ఏదో ఒకరోజు మర్చిపోతాం. కాగితంలో ఉంటే మర్చిపోం. తే, రేపటిది రాయి."

ఏళ్ళు గడిచాయి. పిల్లల చదువులకు డబ్బు అందాలంటే పార్వతక్క చివరికి పరిహారం ఆఫీసు కాగితాల మీద సంతకం పెట్టక తప్పలేదు. ఆ కాగితాల్లో భర్త చనిపోయినట్టు ఉంది. ఆ సాయంత్రమే దుకాణానికి వచ్చి, తల వంచుకుని నిలబడింది.

"సంతకం పెట్టీసేను బాబాయ్. రేపటినుంచి పంపొద్దు."

బాబాయిగారు పాత పుస్తకాల కట్ట విప్పారు. నేను రాసిన ఆ పేజీ దొరికేదాకా ఆమెను నిలబెట్టే ఉంచారు. పెద్దాయన ఇప్పుడైనా ఈ గుమస్తాగిరీ మానకూడదా అని పళ్ళు నూరుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని చదివి, తల ఎత్తారు.

"ఈ ఆర్డరు నీ పేరు మీద లేదమ్మా. ఆపమని సెప్పడానికి నీకు పవర్ లేదు. ఇచ్చినోడు వచ్చి సెప్తే ఆపుతాం."

పార్వతక్క ఆయన వంక చూసింది. తర్వాత పొద్దున ఇంటికి తాళం ఉండి తిరిగొచ్చిన ఆరోజు మూరను నా చేతిలోంచి తీసుకుని, మా ముందే జడలో తురుముకుని వెళ్ళింది. బాబాయిగారు చాలాసేపు పుస్తకాల కట్టకు ముడి వేస్తూనే ఉన్నారు. ఆ రోజున ఆ మనిషి మీద నాకు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. మర్నాడు మళ్ళీ ఒత్తు తప్పిందని కాగితం చింపారనుకోండి, అది వేరే సంగతి.

ఆయన పోయాక దుకాణం నేనే చూసుకుంటున్నాను. కిందటేడు పార్వతక్క కూతురి పెళ్ళి కుదిరింది. ఆమె మరిది వచ్చి, పీటల దగ్గర వదిన పూలు పెట్టుకుని తిరిగితే మగపెళ్ళివారు ఏమనుకుంటారోనని నసిగాడు. "ఆ మూర ఆపీండి దీదీ, ఇంక బాగోదు" అన్నాడు.

జాలి, పరువు, లోకం అంటూ ఆయనతో వాదించే ఓపిక నాకు లేదు. పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను.

"ఆర్డరు మీది కాదు భయ్యా. ఇచ్చినాయన్ని తీసుకురండి, ఆపేస్తాను."