‘హలాల్ అయితే కోషరే కదా మేడమ్’: సూరత్ దావత్‌లో ఒక ఖాళీ విస్తరి

మిర్యామ్‌ది గుంటూరు జిల్లా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పచ్చడి లేకపోతే ముద్ద దిగదు, మతం మాత్రం యూదు మతం. అలాంటి కుటుంబాలు ఆ వైపు కొన్ని ఉన్నాయంటే మా కాలేజీ స్టాఫ్ రూములో సగం మంది ఇప్పటికీ నమ్మరు. ఆమె లెక్కలు చెబుతుంది, నేను తెలుగు చెబుతాను. ఎప్పుడో బాగ్దాద్ వైపు నుంచి వర్తకానికి వచ్చి సూరత్‌లో కన్నుమూసిన యూదుల సమాధులు అక్కడ ఉన్నాయని ఎక్కడో చదివి, ఒకసారి చూడాలని చాలాకాలంగా అంటోంది. నాకు సూరత్‌లో రాజేశం బావ ఉన్నాడు. మా మేనత్త కొడుకు. సిరిసిల్ల నుంచి పవర్‌లూమ్ పనికి వెళ్లి, ఏళ్ల తరబడి కూలికి నేసి, ఈ మధ్యే సొంతంగా ఖాతా పెట్టుకున్నాడు. అక్కడ ఖాతా అంటే మగ్గాల షెడ్డు. ఆ సంతోషంలో దావత్ ఇస్తున్నాను, తప్పకుండా రావాలి అని ఫోన్ చేశాడు. నేను మిర్యామ్‌ను వెంటబెట్టుకుని బయల్దేరాను.

ఇక్కడే నా కోపానికి మూలం చెప్పాలి. మిర్యామ్ కోషర్ నియమం, అంటే యూదుల తిండి నియమం, పాటిస్తుంది. దారిలో తిండికి ఇబ్బంది పడకూడదని సూరత్‌లో ఒక ట్రావెల్ ఏజెంటును పట్టుకున్నాం. పాత యూదుల సూరత్, కారు, గైడు, ‘కోషర్ భోజనంతో సహా’ అని వాళ్ల ప్రకటన. మనిషికి రెండున్నర వేలు. కడుపునిండా తిండి దొరుకుతుందనే ధైర్యంతోనే అంత పెట్టాం. సాయంత్రం మమ్మల్ని దావత్‌కు దింపడానికి ఇల్లు ఎక్కడో కనుక్కోమని బావ నంబరు కూడా ఏజెంటుకే ఇచ్చాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం రైలెక్కితే మర్నాడు పొద్దున సూరత్‌లో దిగుతాం. బస్సులో వచ్చేవాళ్లకు ఒక మాట: కొన్ని ప్రైవేటు బస్సులు ఊళ్లోకి రాకుండా హైవే మీదే కామ్‌రేజ్ దగ్గర దించేస్తాయి. అక్కడి నుంచి ఆటోకు మళ్లీ మూడు వందలైనా వదులుతాయి. టికెట్ తీసుకునేటప్పుడే గట్టిగా అడగండి. మేము రైలు దిగేసరికి ఏజెంటు చిరాగ్ కారుతో సిద్ధంగా ఉన్నాడు. నవ్వు ముఖం, తీయటి మాట. సమాధుల దగ్గర మిర్యామ్ చాలాసేపు తిరిగింది. చిన్న రాళ్లు ఏరి ఒక్కో సమాధి మీద పెట్టింది. అది వాళ్ల పద్ధతి. అంతవరకు చిరాగ్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఒంటిగంటకు ఆల్థాన్‌లో ఒక హోటల్‌కు తీసుకెళ్లాడు. గుమ్మం దగ్గర కొత్తగా అచ్చువేయించిన బోర్డు: ‘కోషర్ భోజనం దొరుకును’ అని ఇంగ్లిష్‌లో. లోపల మా బల్ల మీద పైన వెన్నముద్ద వేసిన కీమా, రొయ్యల బిర్యానీ, పెరుగు రైతా పెట్టారు. మిర్యామ్ చేతులు కడుక్కుని వచ్చి, గిన్నెల వైపు చూసి, కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది.

“మాంసం ఎవరు కోశారండీ?” అని చిరాగ్‌ను అడిగింది.

“హలాల్ హై మేడమ్, పక్కా హలాల్. హలాల్, కోషర్ దోనో ఏక్ హీ హై,” అన్నాడు. రెండూ ఒకటేనట!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకటి ఎట్లా అవుతుంది? పోలికలు లేవని కాదు. ఇద్దరికీ పంది నిషిద్ధం, ఇద్దరికీ రక్తం నిషిద్ధం, ఇద్దరూ దేవుణ్ణి తలుచుకునే కోస్తారు. కానీ కోషర్ మాంసం కావాలంటే ఆ పని నేర్చిన యూదుడే, అంచున చిన్న గంటు కూడా లేని కత్తితో కోయాలి. తర్వాత ఊపిరితిత్తులు పరీక్షించి, మాంసాన్ని నానబెట్టి, ఉప్పు పట్టించి మిగిలిన రక్తం లాగేయాలి. అన్నింటికంటే ముఖ్యం, మాంసం ఉన్న చోట పాలు, వెన్న, పెరుగు ఉండకూడదు. పొలుసులూ రెక్కలూ ఉన్న చేప తినొచ్చు కాని రొయ్య ముట్టకూడదు. ముస్లిం ఇళ్లలో పెరుగులో నానబెట్టిన మటన్ హాయిగా తింటారు, రొయ్యలు కూడా చాలామంది తింటారు. మరోవైపు ద్రాక్ష సారా యూదుల పండుగ బల్ల మీద ఉంటుంది, ముస్లింలకు హరామ్. ఎవరి నియమం వాళ్లది, దేనికి అదే గౌరవం. ఆ బల్ల మీద మాత్రం మిర్యామ్ తినగలిగిన వంటకం ఒక్కటీ లేదు.

గొడవ విని వంటమనిషి బయటికి వచ్చాడు. నడివయసు మనిషి, తెల్ల టోపీ. “బహెన్‌జీ, నేను హలాల్ అని మాత్రమే చెప్పాను. కోషర్ బోర్డు నాది కాదు, సేఠ్ పెట్టించాడు,” అని హిందీలో చెప్పి, లోపలికి వెళ్లి అరటిపళ్లు తెచ్చి మిర్యామ్ ముందు పెట్టాడు. రెండున్నర వేల కోషర్ భోజనం అంటే చివరికి ఆయన దయతో ఇచ్చిన రెండు అరటిపళ్లు.

నాకు మండిపోయేది ఏమిటంటే, సూరత్‌కు నియమం అంటే తెలియదా? ఆ ఊళ్లో రోడ్డు పక్క బండి వాడు కూడా ‘జైనా, మామూలా’ అని అడిగి మరీ, ఉల్లి, ఆలు లేని పావ్‌భాజీ వేరే పెనం మీద చేసిస్తాడు. ఎవరూ వాడికి పాఠం చెప్పక్కర్లేదు. వేలమంది అడిగితే నియమం, ఒక్క మనిషి అడిగితే చాదస్తమా? శాకాహారి విస్తట్లో గుడ్డు పెట్టి ‘రెండూ ఒకటే’ అనమనండి చూద్దాం! ఇదంతా చిరాగ్‌కు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. “నెక్స్ట్ టైమ్ మేడమ్,” అంటాడు.

మిర్యామ్ నా చెయ్యి పట్టుకుని లాగింది. “వదిలెయ్ సరితా. మీ బావగారింట్లో వేడన్నం, పచ్చడి ఉంటాయిగా,” అంది.

మూడున్నరకు బావ ఉండే నవాగామ్ చేరాం. ఇరుకు సందు, రెండు పక్కలా మేడమీద మేడ ఇళ్లు. ఆ రోజు మగ్గాలకు సెలవు కాబట్టి ఎవరి మాట వాళ్లకు వినిపిస్తోంది. సందు పొడుగునా షామియానా వేసి, కింద పట్టాలు పరిచి బంతులు కూర్చోబెడుతున్నారు. మా వాళ్లందరూ కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల మనుషులే. మమ్మల్ని చూడగానే రాజేశం బావ ఎదురొచ్చి, మిర్యామ్‌కు దండం పెట్టి, మొదటి బంతిలో నడిమధ్య కూర్చోబెట్టాడు. ఆయన భార్య లచ్చక్క స్వయంగా గిన్నె పట్టుకుని వచ్చింది. మటన్ కూర. మిర్యామ్ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“అయ్యో, పెట్టించుకో మేడం! నీ కోసమే హలాల్ చేయించినం,” అన్నాడు బావ. “చిరాగ్ భాయ్‌ని ఫోన్ల అడిగిన, మేడం ఏం తింటది అని. హలాల్ కరో, మేడమ్ ఖాయేగీ అన్నడు. గందుకే పక్క గల్లీల కెళ్లి ముల్లా సాబ్‌ను పిలిపిచ్చి కోపిచ్చిన.”

చిరాగ్ అబద్ధం మాకంటే ముందే ఇల్లు చేరింది. తెలంగాణ ఊళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మా వైపు హిందువుల ఇంట్లో దావత్ అయినా మేకను కోయడానికి ముల్లాను పిలిచే ఆనవాయితీ ఉంది. హలాల్ చేస్తే ఊళ్లో ఎవరైనా తింటారని. బావ ఆ మర్యాదే చేశాడు.

“నేను తినకూడదండీ. క్షమించండి,” అంది మిర్యామ్, ఎవరికీ వినబడకూడదన్నట్టు. కానీ బంతి మొత్తం చేతులు ఆపి చూస్తోంది.

లచ్చక్క ముఖం నల్లబడింది. గిన్నె కింద పెట్టేసింది. “ఏంది చెల్లె, మేం గంత అంటరానోళ్లమా? పొద్దుగాల్నుంచి నీ కోసం చేసిన. మా ఇంట్ల కూర ముడితే నీకు మైల అయితదా?”

మిర్యామ్ చటుక్కున లేచి నిలబడింది.

“అక్కా, ఆ మాట మాత్రం నన్ననొద్దు. మతం ఏదైనా ఊళ్లో మేము దళితవాడ మనుషులమే. మా అమ్మ కూలికి పోతే మంచినీళ్లు చెంబుతో ఇచ్చేవాళ్లు కాదు, దోసిట్లో ఎత్తి పోసేవాళ్లు. హోటల్లో మా నాన్నకు వేరే గ్లాసు. ఎదుటోళ్లు మన ముందు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదా? మీ ఇల్లు మైలని కాదక్కా. మా ఊళ్లో కోత నేర్చిన మా పెద్దాయన కోస్తేనే మాకు మాంసం. హైదరాబాద్‌లో నేను మాంసం ముట్టి ఎన్నేళ్లయిందో ఈ సరితను అడగండి.”

బావ తలపాగా తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. “మా నాయిన ఒక్కటే చెప్పేటోడు,” అన్నాడు చివరికి. “దావత్ల ఎవ్వలు గుడ ఇస్తారి ముంగట ఊకె కూసోవద్దు అని. గందుకే హలాల్ చేపిస్తం. గా హలాల్ జేసే నిన్ను ఊకె కూసోవెట్టిన గదా బిడ్డా.”

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన తప్పు ఏముంది? తెలియక అడిగాడు. అడిగినవాడికి తెలియదు అని చెప్పడానికి ఆ చిరాగ్‌కు నోరు రాలేదు.

మిర్యామే ముందు తేరుకుంది. “అక్కా, ఇంట్లో ఇంకా వాడని గిన్నె ఒకటి ఉంటుందా?”

దావత్‌కు చదివింపులుగా వచ్చిన స్టీలు గిన్నెలు గోడవారన దొంతర పెట్టి ఉన్నాయి. లచ్చక్క ఒకటి తీసి, పేపరు చింపి, కడిగింది. మిర్యామ్ ఆమెతో వంటింట్లోకి నడిచింది. “పొయ్యి నేను ముట్టిస్తాను. వంట మీరు చెయ్యండి. మావాళ్లెవరైనా మంట వెలిగిస్తే ఆ అన్నం నేను తినొచ్చు.”

“గంతేనా?” అంది లచ్చక్క. “గీ ముచ్చట పొద్దుగాల ఎవలన్న చెప్పొద్దా!”

మిర్యామ్ అగ్గిపుల్ల గీసింది. లచ్చక్క బియ్యం కడిగి పోసింది, పచ్చిమిర్చి, టమాటలు నిప్పు మీదే కాల్చి, ఉప్పేసి చేత్తో మెదిపి తొక్కు చేసింది. బంతి మొత్తం ఆగింది. ఎంత చెప్పినా ఎవరూ ముద్ద ఎత్తలేదు. కూర చల్లారిపోతోందని పిల్లలు గునుస్తున్నా పెద్దలు కదల్లేదు. అన్నం ఉడికాక లచ్చక్క మిర్యామ్ ఖాళీ విస్తట్లో వడ్డించి, ఇంకో విస్తరి తెచ్చి మిర్యామ్ పక్కనే వేసుకుని, తానూ ఆ అన్నం, ఆ తొక్కే పెట్టుకుంది. అప్పుడు బావ “ఇగ తినుండ్రి” అన్నాడు.

తిరుగు రైలెక్కేముందు చిరాగ్‌కు ఫోన్ చేశాను. “దావత్‌లో మేడమ్ భోంచేశారు కదా, ఇంక ప్రాబ్లమ్ ఏముంది?” అన్నాడు. ప్రాబ్లమ్ ఏముందో అతనికి ఎప్పటికీ అర్థం కాదు. హలాల్‌కూ కోషర్‌కూ పోలికలు చాలా ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే మోసం అంత సులువైంది. ఒకటే అని చెప్పి అతను ఎవరికీ విషం పెట్టలేదు, నిజమే. కానీ జీవితమంతా అంటరానితనం పడిన మనిషిని, అంటరానితనం చూపించావన్న నింద ముందు నిలబెట్టాడు. చేతిలో ఉన్నదంతా పెట్టి విందు చేసిన మనిషిని అతిథి ముందు తలదించుకునేలా చేశాడు. ఆ మాటకు ఖరీదు అతను కట్టలేదు, లచ్చక్కా మిర్యామూ కట్టారు.

మీరు వేరే నియమం ఉన్న స్నేహితులతో ప్రయాణం పెట్టుకుంటే నా సలహా ఒక్కటే. బోర్డును నమ్మకండి, ఏజెంటును అడగకండి. తినబోయే మనిషిని, వండబోయే మనిషిని ముందురోజే ఫోన్‌లో నేరుగా మాట్లాడించండి. పొయ్యి వెలగక ముందే.