పదహారో లైను

శంషాబాద్ ప్రాంత చరిత్ర రాసినవాళ్లు విమానాశ్రయం గురించి రాశారు, బెంగళూరు హైవే గురించి రాశారు, ఎకరం ధర గురించి అవసరానికి మించి రాశారు. దశరథం తన టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టేవాడన్న సంగతిని మాత్రం ఒక్కరూ పట్టించుకోలేదు.

విమానాలు దిగడం మొదలైన 2008లోనే దశరథం ఓ టెలిఫోన్ కంపెనీ టవర్ స్టేషన్‌లో టెక్నీషియన్‌గా చేరాడు. చేరిన రోజే డబ్బాను పాత మైక్రోవేవ్ రేడియో పెట్టె నెత్తిన పెట్టాడు. అది పగలూ రాత్రీ సెగలు కక్కేది. అన్నం వేళకు పప్పు అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు ఉండేది. ఇంతకన్నా చిన్న కారణాలకే రాజులు రాజధానులు మార్చారు. దశరథం డబ్బా చోటు మార్చలేదు.

ఆ పెట్టె అసలు పని వేరు. చుట్టుపక్కల టవర్ల నుంచి డిష్‌ల గుండా వచ్చిన మాటలను ఏరి, కొన్నింటిని బుద్వేల్ వైపు, కొన్నింటిని మైలార్‌దేవ్‌పల్లి వైపు పంపేది. అందుకు పదహారు లైన్లుండేవి. ఒక్కో లైను పెళ్లివారు మాట్లాడుకున్న జీపు లాంటిది. ఎక్కేవాళ్లున్నా లేకున్నా తిరగాల్సిందే, దారిలో పరాయివాణ్ణి ఎక్కించుకోకూడదు. జనం ఫోన్లలో సినిమాలు చూడటం మొదలుపెట్టాక ఈ మర్యాద సాగలేదు. 2011లో కంపెనీ ఈథర్‌నెట్‌కు మారాలని తీర్మానించింది. ఈథర్‌నెట్ అంటే షేర్ ఆటో. వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఎక్కించుకుంటుంది, రవ్వంత సందు కనిపిస్తే ఇంకొకణ్ణి కుక్కుతుంది. కొన్నాళ్లు జీపులనూ ఆటోలనూ ఒకే దారిలో నడిపిస్తూ, మెల్లగా జీపులవాళ్లను ఆటోల్లోకి దించడానికి కొత్త స్విచ్ ఒకటి వచ్చింది. కిలో మిఠాయి డబ్బా అంత ఉంది. ఆఫీసులో కూర్చునే దాని బాగోగులు చూసుకోవచ్చు. పైగా వేడెక్కదు. ఈ చివరి గుణాన్ని కంపెనీ ఎంతో మెచ్చుకుంది. దశరథానికి ఇకమీదట చల్లన్నమే గతి.

పదహారు లైన్లూ మారితే పాత పెట్టె పోతుంది. పెట్టె పోతే దానికి కాపలా ఉన్న మనిషితో పనిలేదు. స్టేషన్‌కు తాళం పడుతుంది, దశరథం కొలువు ముగుస్తుంది. ఆ మార్చే పని దశరథానికే అప్పగించారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం మూర్ఖత్వమని పెద్దలన్నారు. కంపెనీ దాన్ని డ్యూటీ అన్నది.

ఇంజనీరు శ్రావణ్‌కుమార్ రాజేంద్రనగర్ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. అతను చెప్పిన తీగను దశరథం పాత పెట్టెలోంచి ఊడదీసి కొత్త స్విచ్‌లో గుచ్చేవాడు.

"నీకేం అనిపిస్తలేదా అన్నా?" అని అడిగాడు శ్రావణ్‌కుమార్ ఒకసారి.

"ఏముంటది సార్. తీగెలే గద."

ఇది ధైర్యం కాదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో అతని లోపల అలా ఉంది. ఉన్నదని తెలుసు, ముట్టుకుంటే తెలియదు.

పదిహేను లైన్లు మారాయి. పదహారోది ఎవరిదో తేలలేదు. ఆఫీసులో అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. దాని రెండో కొస మైలార్‌దేవ్‌పల్లిలో ఓ పాత భవనంలో ఉంది. ఆ భవనానికి తాళం, ఓనరు ఊళ్లో లేడు. లైను దీపం మాత్రం పచ్చగా వెలుగుతోంది. అంటే ఇటునుంచి పోయిన సంకేతానికి అటునుంచి జవాబు వస్తోందన్నమాట.

"ఎయిర్‌పోర్టోళ్లదేమో సార్," అన్నాడు దశరథం. "లేకుంటే మిలటరీది. గసొంటియి ఎవలకు చెప్పరు."

ఎవరిదో తెలిసేదాకా దాన్ని మార్చలేరు. మార్చనంతకాలం పాత పెట్టె ఉంటుంది, పెట్టెతో పాటు తనూ ఉంటాడు. అయితే యజమాని తెలియని లైన్ల విషయంలో ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. లైను పీకి, ఎవరు మొత్తుకుంటారో చూడాలి. మొత్తుకున్నవాడే యజమాని. ఇంత సూటి సూత్రం న్యాయశాస్త్రంలో కూడా లేదు.

"పీకు అన్నా. వారం చూద్దాం," అన్నాడు శ్రావణ్‌కుమార్. "ఎవరన్న మొత్తుకుంటే మళ్ల పెడ్దాం, వాళ్లు మారుడుకు ఒప్పుకునేదాంక నీ పెట్టె నీకుంటది. లేకుంటే ఇగ..."

"ఇగ తాళమే," అని మాట పూర్తి చేసి దశరథం పీకాడు.

ఇంట్లో సంగతి విన్న భార్య భారతమ్మ మూతి తిప్పింది.

"ఎవలో ఒకలు మొత్తుకుంటే నీ నౌకరి ఉంటదంటివి. మా అన్న చెన్నయ్యకు చెప్పనా? ఉత్త పుణ్యానికే మొత్తుకుంటడు, పని చెప్తె ఊకుంటడా?"

"ఏ లైను పోయిందని మొత్తుకుంటడే?"

"గది నన్నడుగుతవేంది? గన్నేండ్లు కాపలా కాసింది నువ్వా నేనా?"

దశరథం చారు పోసుకున్నాడు.

ఆ వారమంతా ఫోను చేతికందేలా పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి మోగింది. అటువైపు మనిషి షామియానా కిరాయి ఎంతని అడిగాడు. రాంగ్ నంబరని చెప్పడానికి బదులు దశరథం, "మీ దిక్కు ఫోన్లు మంచిగనే నడుస్తున్నయా?" అని ఆరా తీశాడు.

"నడుస్తున్నయి గాబట్టే చేసిన. షామియానా ఉందా లేదా చెప్పరాదె?"

వారం గడిచింది. ఎయిర్‌పోర్టు మొత్తుకోలేదు, మిలటరీ మొత్తుకోలేదు. ఈలోగా భవనం ఓనరు ఊరినుంచి వచ్చి తాళం తీయడంతో శ్రావణ్‌కుమార్ వెళ్లి రెండో కొసను వెతికి పట్టుకున్నాడు. అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు.

"దొరికిందన్నా."

"ఎవలది సార్?"

"ఎవలదీ గాదు. కొసకు లూప్ తీగ పెట్టి ఉంది. లైను కొత్తగ ఏసినప్పుడు టెస్టింగ్ కోసం పెట్టిన్రు, తీసుడు మరిచిన్రు. మనం పంపిందే తిరిగి మనకు వస్తుండె. అందుకే గా పచ్చ దీపం."

"అట్లనా," అన్నాడు దశరథం.

మర్నాడు పాత పెట్టె కరెంటు ఆపి, స్టేషన్ తాళంచెవి శ్రావణ్‌కుమార్ చేతిలో పెట్టాడు. 2008 నుంచి పదహారో లైనులో ఒక్క ఫోన్ కాల్ కూడా నడవలేదు.