మా నాన్నమ్మ చూపించిన చేతినీడ

నా చిన్నప్పుడు మొక్కలకి ఎండ కొనుక్కోవాలని ఎవరైనా అని ఉంటే మా నాన్నమ్మ నవ్వేది కాదు, తిట్టేది. మొన్న నేను అలాంటి ఎండ కొనడానికే విజయనగరంలో ఒక లైట్ల దుకాణం మెట్లెక్కాను. ఎందుకెక్కానో చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

కొత్తవలస దగ్గర పల్లెలో మా ఇంటి వెనక చిన్న నేల ముక్క ఉండేది, చెక్క అనేవాళ్ళం. అందులో నాన్నమ్మ వంగనారు, మిరపనారు పోసి సంతకి పంపేది. ఇంట్లో అన్నీ తాతయ్య చేతుల మీదుగా నడిచినా ఆ చెక్క మాత్రం ఆవిడది. ఒక ఏడు మా చిన్నతాతయ్య, అంటే తాతయ్య తమ్ముడు, తన హద్దులో తూర్పువైపు నిలువెత్తు గోడ లేపాడు. నారుకి పొద్దుటి ఎండ ఆగిపోయింది. మొక్కలు పాలిపోయి, వెలుగు కోసం సన్నగా సాగి, ఒక్కొక్కటే వాలిపోయాయి.

అప్పుడొచ్చాడు చిన్నతాతయ్య. "ఎండ రాని సోట నారేటి వస్తాది వదినా? ఆ సెక్క నాకిచ్చీ, పశువుల సాల ఏసుకుంటాను" అన్నాడు. గోడ కట్టింది ఎందుకో పిల్లనైన నాకే తెలిసిపోయింది. తమ్ముడే కదా, ఇచ్చేద్దామన్నాడు తాతయ్య. నాన్నమ్మ లేచి నారుమడి దగ్గరికి నడిచింది. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచింది.

"ఒసే గుంటా, ఎండేటి ఆడి అబ్బ సొమ్మేటి? నీ సెయ్యి పెట్టు ఇలాగ."

నారు మీద జానెడెత్తున చెయ్యి చాపాను. కింద నీడ లేదు. "నీడ పడనేదంటే మొక్కకి ఎలుగు సాలనేదు" అంది.

మర్నాడు గుల్లసున్నం తెప్పించి కుండలో నానబెట్టింది. అది కుతకుతలాడుతున్నంతసేపూ నన్ను దగ్గరికి రానివ్వలేదు. చల్లారాక కొంగు నడుముకి బిగించి గోడకి పూత మొదలుపెట్టింది. చిన్నతాతయ్య గోడకి కాదు, ఆ జోలికే పోలేదు. ఎదురుగా ఉన్న మా ఇంటి మట్టిగోడకి. దాని పైభాగాన రోజూ ఎండ పడేది, కాని ఆ ఎర్రమట్టి అంతా తనే మింగేసేది. రెండు పూతలు వేసి తెల్లబరిచాక అదే ఎండ కిందికి, మడి మీదికి దిగింది. నేను మళ్ళీ చెయ్యి చాపాను. పలచగానైనా నీడ పడింది. కొత్తగా పోసిన నారు పొట్టిగా, గట్టిగా లేచింది. అందులో మొదటి కట్ట నా చేత చిన్నతాతయ్య ఇంటికే పంపించింది. ఆయన రెండు చేతులా తీసుకున్నాడు. చెక్క మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ బాల్కనీకి ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ లేచింది. నా మిరప కుండీలకి ఆనాటి నారు గతే పట్టింది. మా అబ్బాయి చూసి, ఎండ రాదు కదమ్మా, కుండీలు ఎవరికైనా ఇచ్చేస్తే అక్కడ వాషింగ్ మెషిన్ పెట్టుకుందాం అన్నాడు. మంచివాడే, కాని మాట అచ్చం చిన్నతాతయ్యదే. నాకు ఒళ్ళు మండింది. ఆటో పిలిచాను.

దుకాణం కుర్రాడు ఊదారంగు వెలుగు చిమ్మే దీపమొకటి తీశాడు. "మొక్కలకి ఇదే స్పెషల్ మామ్మా. మామూలు బల్బుకి ఏటీ పెరగదు" అన్నాడు. ధర వింటే మొక్కలే వాడిపోయేలా ఉంది. మిగతా లైట్లు కాసేపు ఆపమన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు గాని ఆపాడు. ఆ దీపం కింద చెయ్యి చాపితే బల్ల మీద నీడ ఉందో లేదో అన్నట్టుంది. ఇళ్ళలో వాడే తెల్లటి ఎల్‌ఈడీ బల్బు, డబ్బా మీద డేలైట్ అని రాసి ఉన్నది, అదే ఎత్తున పెట్టించాను. అయిదు వేళ్ళూ విడివిడిగా, నల్లగా పడ్డాయి. నాకిదే చాలన్నాను.

ఇంటికొచ్చి కుండీల వెనక గోడకి తెల్లరంగు వేశాను. బల్బుని పైకప్పుకి కాకుండా మొక్కలకి జానెడెత్తున వేలాడదీశాను. నేనెక్కిన స్టూలు కదలకుండా పట్టుకున్నది మా అబ్బాయే. పొద్దున్న వేస్తాను, చీకటి పడ్డాక ఆపేస్తాను, మొక్కకీ నిద్ర కావాలి కదా. కొత్త ఆకులు చిన్నవే అయినా ముదురు పచ్చగా వస్తున్నాయి. వాషింగ్ మెషిన్ ఇంకా బాత్రూమ్‌లోనే ఉంది.

నాన్నమ్మ చెక్క నాకు రాలేదు. ఆ చెయ్యి చాపడం వచ్చింది. ఇక్కడేమీ పెరగదు, వదిలెయ్యమని ఎవరన్నా ఇప్పటికీ నేను వాళ్ళతో వాదనకి దిగను. చెయ్యి చాపి నీడ పడిందో లేదో చూస్తాను. పడకపోతే సున్నం కలుపుతాను.