కనెహయ తన చేత్తో చెక్కిన పేరు

సెకి పట్టణంలో ఒక చలికాలం గడిపి పోదామని దిగి ఏడేళ్ళు ఉండిపోయాను. కత్తులు చేసే కనెహయ ఇంట్లో వెనకగది నాది.

కొలిమి మండుతుండగా ఆడవాళ్ళు దాని గడప తొక్కకూడదని అక్కడి ఆచారం. కనెహయ భార్య కినుయె ఎన్నడూ తొక్కలేదు. కానీ నిప్పు పడి భర్త ఎడమచేతి వేళ్ళు మొద్దుబారాక, పట్టకారు నిలిచిన ఆ చేతిలో సన్న ఉలి నిలవలేదు. పిడిలో దాగే ఇనుపతోక మీద ఆయన పేరు చెక్కింది ఆమే. పదకొండేళ్ళు, వంటింటి నేలమీద, తలుపు వేసుకుని. కొన్నవాళ్ళు ఆ గీతలు చూసి మురిసిపోయేవారు.

పాత గ్రంథాలు తిరగేస్తే ఒకే కమ్మరి చెక్కిన పేరు వయసులో ఒకలా, ముసలితనంలో ఒకలా కనిపిస్తుంది. శిష్యుడు గురువు పేరు పెట్టిన కత్తులకూ లెక్కలేదు. ఏది అసలు అని పండితులు నేటికీ కొట్టుకుంటున్నారు. సరే, ఆ గొడవ అలా ఉంచుదాం.

కొండమీది గుడికని మొక్కుకున్న చివరి కత్తి మీద మాత్రం కనెహయ తనే పేరు చెక్కాడు. గీతలు వంకరపోయాయి. ఆ నెలలోనే ఆయన పోయాడు. కత్తి ఆయనదేనని నిపుణుల కాగితం తెమ్మన్నారు గుడివాళ్ళు.

సానపట్టే ఒగిసో కత్తిని టోక్యో తీసుకెళ్ళి, తలొంచుకుని తిరిగొచ్చాడు.

“కత్తి బాగుందన్నారు వదినా. పేరే దొంగదన్నారు.”

“వాళ్ళకెలా తెలుసట?”

“అన్నయ్య పాత కత్తులు పక్కన పెట్టి చూశారు. ఎవడో తాగి చెక్కాడన్నాడొకాయన.”

“మీ అన్నయ్య పండక్కి తప్ప ముట్టేవాడు కాదే.”

“పేరు రాకేస్తే, పేరులేని మంచి కత్తి అని కాగితం ఇస్తారట. గుడివాళ్ళకి అది చాలు.”

అతను వెళ్ళాక కినుయెతో నేనన్నాను: “నిజం చెప్పెయ్యమ్మా.”

“చెబితే ఆ పదకొండేళ్ళ కత్తులూ దొంగవవుతాయి అన్నయ్యా. ఆయన మాట పడాలి.”

“పోయినవాడికి మాటలేమిటి?”

“పోయాడు కాబట్టే. ఉంటే తనే జవాబు చెప్పుకునేవాడు.”

మర్నాడు ఒగిసో ఆకురాయి తెస్తే, అతని చేతికివ్వకుండా తనే తీసుకుంది. వంటింటి నేలమీద కూర్చుని రాకింది. వాళ్ళ లిపిలో ఆయన పేరు రెండే అక్షరాలు. మొదటిది తొందరగానే పోయింది. రెండోదానిలో ఆయన ఉలిదెబ్బ ఒకటి మరీ లోతుగా దిగి ఉంది. ఎంత రాకినా చిన్న గుంట మిగిలింది.

“ఇంకొంచెం లాగండి వదినా,” అన్నాడు ఒగిసో.

“వద్దులే,” అని, ఒళ్ళో పడిన ఇనుపరజను దులపకుండా అలాగే కూర్చుంది.