కూర్చుని నడిచిన రామయ్య ఆచారి

"ఎన్నో నెలప్పా?"

నంద్యాల ల్యాబులో రక్తం తీసే ప్రేమకుమారి అడిగిన మాట ఇది. పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చున్న యాభై నాలుగేళ్ల రామయ్య ఆచారి ఏమాత్రం సిగ్గుపడలేదు. "రెండేండ్లు దాటిందమ్మా" అన్నాడు.

లెక్క సరైనదే. ఆళ్లగడ్డలో ముప్పై ఏళ్లు ఉలీ సుత్తీ పట్టి నల్లరాయిని విగ్రహాలుగా మలిచిన మనిషి, రెండేళ్ల కిందట రాయి చెక్కే మిషన్ కొన్నాడు. మీట నొక్కితే చెక్కడం దాని పని, తిరిగే కుర్చీలో కూర్చుని చూడడం ఆయన పని. ఫోన్ చేస్తే ఉగ్గాని, బజ్జీ కుర్చీ దగ్గరికే వస్తాయి.

షుగర్ మూడు వందల పది వచ్చింది. "మూడు నెలలు రోజూ పదివేల అడుగులు నడువు. తగ్గలేదంటే ఇన్సులిన్ సూదే" అన్నాడు డాక్టరు. పదివేళ్లకూ ఉలి గాట్లున్న రామయ్యకు సూది పేరు చెబితే చెమటలు పడతాయి.

సంగటి తిన్న తాతలంతా నూరేళ్లు బతికారని చెప్పే పెద్దమనుషులు మనకు కొదవలేదు. రామయ్య తాత సంగటే తిని యాభై రెండేళ్లకే పోయాడు. కాకపోతే ఆయనకు పొట్ట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది.

కూతురు వినీత అడుగులు లెక్కపెట్టే వాచీ తెచ్చింది. ఉలి పట్టే ఎడమ చేతికి అడ్డమని రామయ్య కుడి చేతికి కట్టించుకున్నాడు. మొదటిరోజు బస్టాండు దాకా నడిచాడు. అక్కడ నాలుగు బజ్జీలు తిని ఆటోలో తిరిగొచ్చాడు.

ఆ వారమే గోస్పాడు రైతు చిన్నపుల్లయ్య చెక్కమని చెప్పిన నంది మిషన్ మీంచి దిగింది. కళ్లు, మెడలో గంటలు మాత్రం చేత్తోనే తీర్చాలి. రామయ్య కుర్చీలోనే కూర్చుని సుత్తి ఆడిస్తుంటే వాచీ గుర్రుమంది. చూస్తే పదివేల అడుగులు! ఒక్కో సుత్తి దెబ్బనూ అది ఒక్కో అడుగు అనుకుంది.

"జానకీ, నడక అయిపాయ!" అని అరిచాడు.

"కుర్చీలోనే యాడిదాకా పోయొచ్చినావయ్యా?" అంది భార్య జానకమ్మ.

కళ్లు రెండ్రోజుల్లో పూర్తయ్యాయి. అడుగులు మాత్రం రోజూ కావాలి గదా! అందుకని ఉలితో మూపురానికి మెరుగు పెట్టాడు. తర్వాత డొక్కలకు పెట్టాడు. ఒక చేత్తో బజ్జీ నోట్లో వేసుకుని, రెండో చేత్తో మళ్లీ సుత్తి అందుకునేవాడు.

మూడు నెలలకు షుగర్ మూడు వందల ఇరవై రెండు.

"రోజూ పన్నెండు వేలు నడిచినా సార్" అంటూ రామయ్య వాచీ చూపించాడు.

"యాడ నడిచినావు?"

"ఆడనే సార్... కుర్చీలో."

డాక్టరు సూది రాశాడు. ఆ సాయంత్రం జానకమ్మ మొదటి సూది పొడుస్తుంటే రామయ్య పెట్టిన కేక ఎదురింటిదాకా వినిపించింది.

మరుసటిరోజు నందిని తీసుకుపోవడానికి ట్రాక్టరుతో వచ్చిన చిన్నపుల్లయ్య, దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఆచారీ, నేను నందిని చెప్తే మేకను చేసినావేందప్పా?"

"నడిచిందంతా అదే అన్నా" అంది జానకమ్మ. "అందుకే అది చిక్కె, ఈయప్ప బలిసె."

చిన్నపుల్లయ్య నవ్వలేదు, నందిని ఎక్కించుకోలేదు. ఆయనిచ్చిన అడ్వాన్సు నలభై వేలు. రామయ్య ఇరవై ఐదు వేలు తిరిగిచ్చాడు. ఇంకా పదిహేను వేలు ఇవ్వాలి.