ఎడమ వెనక స్పీకర్

ఇళ్లలో హోమ్ థియేటర్లు బిగించే ఆయన్ని చుట్టుపక్కల వీధుల్లో అందరూ పాముచెవులాయన అనేవారు. మొదట్లో రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత టీవీలు, చివరికి ఈ స్పీకర్లు. పదేళ్ల కిందట పెద్ద జ్వరమొకటి వచ్చి, పోతూ పోతూ ఆయన ముక్కుని పట్టుకుపోయింది. అప్పట్నుంచీ పువ్వయినా పొగయినా ఆయనకి ఒకటే.

"అన్నం మాడి బొగ్గయినా ఈయనకి తెలీదు. పక్కింటి గోడగడియారం ఒక్క టిక్కు తడబడితే మాత్రం లేచి కూర్చుంటాడు" అని భార్య నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఇంట్లో పని. వారం కిందటే వచ్చి ఐదు స్పీకర్లూ బిగించి, వైర్లు లాగి వెళ్లాడు. ఇక మిగిలింది వాటి శబ్దం సమానం చేయడమే.

"అత్తయ్య లోపల పడుకున్నారు. చెవి మిషన్ తీసేశారంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. మీరు కానివ్వండి, గంటలో వచ్చేస్తాను" అని ఆవిడ బ్యాంకుకి వెళ్లిపోయింది.

హాలు తలుపు మూసి, సోఫా మధ్యలో కూర్చుని, రిమోట్ నొక్కాడు. ఒక్కో స్పీకరూ వంతులవారీగా 'ష్‌ష్' అంటుంది, ఇసుక జారుతున్నట్టు. కూర్చున్న చోటికి ఐదూ ఒకే ఎత్తులో వినపడాలి. వెనకవి రెండూ తలకి దగ్గర కాబట్టి వాటిని తగ్గించాలి. ముందువి మూడూ సరిపోయాయి. కుడి వెనకది రెండు పాయింట్లు దించాడు. ఎడమ వెనకది మూడు దించినా ఎక్కువగానే ఉంది. ఇంకో రెండు దించాడు. ఊహూఁ.

శబ్దం మొత్తం ఆపేశాడు. మిగతా నాలుగింటి దగ్గరా చడీచప్పుడూ లేదు. ఎడమ వెనకది ఆగలేదు. సన్నగా 'ష్‌ష్' అంటూనే ఉంది.

లేచి వెళ్లి దాని వెనక వైరు పీకేశాడు. అయినా అంటూనే ఉంది.

వంగి చూస్తే, నేలకి జానెడు ఎత్తున వైరు కోసం వారం కిందట తను తొలిచిన కన్నం. దానికి చెవి పెట్టాడు. శబ్దం గోడ అవతల నుంచి. అవతల వంటగది. కన్నం పక్కనే సిలిండర్. ఆ రోజు డ్రిల్లు పట్టడానికి అడ్డొస్తోందని దాన్ని జరిపింది తనే.

గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ లేదు. ఆయనకి ఎప్పుడూ ఏమీ ఉండదు కదా! గ్యాసేనా? పంపు కారుతోందా? గ్యాసే అయితే ఈ గదిలోకి ఎంత వచ్చింది, ఎంతసేపట్నుంచి? స్పీకర్లని నడిపే ఆంప్ పెట్టెని ఆపుదామని స్విచ్ దగ్గరికి పోయిన వేలు గాల్లోనే ఆగిపోయింది. చిన్న నిప్పురవ్వ చాలు. పారిపోవాలని కాళ్లు చెబుతున్నాయి. లోపల ముసలావిడ.

రిమోట్ సోఫా మీద పెట్టి, పిల్లిలా నడిచి కిటికీ తెరిచాడు. హాలు తలుపు తీశాడు. నడవాలో, వంటగది మూసిన తలుపు ముందు, ముసలావిడ. అప్పుడే నిద్ర లేచినట్టుంది. వానమబ్బుకి ఇల్లంతా చీకటిగా ఉంది. ఆవిడ ఒక చెయ్యి తలుపు గడియ మీద ఉంది, రెండోది లైటు స్విచ్ మీదకి వెళ్తోంది.

"వద్దమ్మా!" అని అరిచాడు. ఆవిడకి వినపడితేగా.

ఒక్క అంగలో వెళ్లి మణికట్టు పట్టుకున్నాడు. ఆవిడ కెవ్వుమంది. ముందు దొంగోడనుకుంది, తర్వాత గడియ మీదున్న చేత్తో చెంప ఛెళ్లుమనిపించింది.

"ఎవడ్రా నువ్వు? వదలరా!"

ఆయన వదల్లేదు. వేలితో వంటగది చూపించి, ముక్కు చూపించాడు. ముసలావిడ తలుపు కింది సందు దగ్గరికి వంగి వాసన చూసింది.

"గ్యాసు నాయనా! వంటిల్లంతా గ్యాసు!"

అప్పుడుగానీ ఆయనకి నిజం తెలియలేదు. తెలిశాక భయం ఇంకా పెరిగింది.

ఆవిణ్ని దాదాపు ఎత్తుకుని మెట్ల మీదకి చేర్చాడు. మెయిన్ స్విచ్ మెట్ల దగ్గర, బయటే ఉంది. దాన్ని దించేశాడు. లోపల ఫ్రిజ్ దానంతటది ఆన్ అయి రవ్వ రాల్చే భయం ఇక లేదు. మళ్లీ లోపలికి వెళ్లి గ్యాస్ ఆపడం ఒక్కటే మిగిలింది. గుమ్మంలో నిలబడ్డాడు. రెండుసార్లు అడుగు పెట్టి రెండుసార్లూ వెనక్కి తీశాడు. మూడోసారి ఊపిరి బిగబట్టి వెళ్లి, తడుముకుంటూ రెగ్యులేటర్ తిప్పాడు. 'ష్‌ష్' ఆగింది. వంటింటి కిటికీ బార్లా తెరిచి, బయటికొచ్చి, మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముసలావిడ తను కొట్టిన చెంపే నిమురుతూ కూర్చుంది.

ఫోన్ చేస్తే బ్యాంకు ఆవిడ పరుగున వచ్చేసరికి గ్యాస్ మెకానిక్ కూడా వచ్చాడు. రబ్బరు ట్యూబు మెలిక దగ్గర నిలువునా చీలింది.

పాముచెవులాయన ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "ఆ రోజు సిలిండర్ జరిపింది నేనేనమ్మా. ట్యూబు మెలికపడిందేమో చూసుకోలేదు."

ఆవిడ చీలిన ట్యూబు చేతిలోకి తీసుకుని చూసింది. "నాలుగేళ్లయింది ఆ ట్యూబు మార్చి. మార్చమని అత్తయ్య పోరుతూనే ఉన్నారు" అంది. మెకానిక్ని అడిగితే, పాతబడి చీలిందో మెలికపడి చీలిందో చెప్పలేనన్నాడు. ఈనాటికీ అది తేలలేదు.

పన్నెండు రోజులు ఆయన పనికి వెళ్లలేదు. ఇంట్లో కుక్కర్ ఈల వేసినా ఉలిక్కిపడేవాడు. నిద్రలో చెయ్యి గాల్లోకి లేపి ఎవర్నో పట్టుకునేవాడు. పదమూడో రోజు పొద్దున భార్య పనిముట్ల సంచీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

"భయం పోయాక వెళ్తాను" అన్నాడు.

"అది పోదు గానీ, దాన్నీ వెంటబెట్టుకుని వెళ్లు. తోడుంటుంది" అంది.

మొదట వెళ్లింది ఆ ఇంటికే. కొత్త ట్యూబు తనే రెండుసార్లు చూసుకుని, సోఫాలో కూర్చుని, ఎడమ వెనకది సరిచేశాడు. రెండు పాయింట్లు దించితే సరిపోయింది. శబ్దం ఆపేసి, గోడ కన్నానికి ఇంకోసారి చెవి పెట్టి విన్నాడు.